ఎండ చంపింది, చలి చెప్పింది

పోయిన సంక్రాంతికి నేను కడపలో మా ఇంట్లోనే ఉన్నాను. కనుమ రోజు తెల్లవారుజామున ఐదున్నరకు నాయన ఫోన్ మోగింది. బయట మా లెక్కన మంచి చలి. 17 డిగ్రీలో 18 డిగ్రీలో ఉంటుంది. అమ్మ స్వెట్టర్ వేసుకుని, తలకు మఫ్లర్ చుట్టుకుని కళ్లాపి చల్లుతోంది. ఫోన్ చేసింది బావ. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, మినియాపొలిస్ దగ్గర ఉంటాడు. అక్కడ ముందురోజు సాయంత్రం ఆరు గంటలు. ఆఫీసు అయిపోయి పార్కింగ్‌లోకి వస్తే కారు స్టార్ట్ కాలేదు. అక్కడి చలి మైనస్ 26.

"మామా, హైబ్రిడ్ బ్యాటరీ పోయినట్టుంది. మార్చాలంటే రెండు మూడు వేల డాలర్లు అవుతుందని ఇక్కడ భయపెడుతున్నారు" అన్నాడు. బావ మాకు మేనత్త కొడుకే. వీడియోలో ముక్కు ఎర్రగా అయిపోయి ఉంది, కనుబొమల మీద మంచు.

మా నాయనకు కడపలో ఏడు రోడ్ల సర్కిల్‌కు కాస్త దూరంలో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. మంచు అనేది ఫ్రిజ్‌లో తప్ప చూసిన మనిషి కాదు. అయినా కంగారు పడలేదు.

"ఉండు అల్లుడూ. బటన్ నొక్కితే లైట్లు వస్తాండాయా?"

"వచ్చి ఆరిపోతున్నాయి మామా. లోపల టిక్కుటిక్కుమంటోంది."

"ఈ బండి ఆ ఊరికి రాకముందు యాడుండె?"

"డల్లాస్‌లో. నాలుగేళ్లు అక్కడే వాడినాం."

"ఆడ ఎండ యెట్లుంటాది?"

"మనూరి మాదిరే మామా. ఎండాకాలంలో 40 దాటుతాది."

"చిన్న బ్యాటరీ ఎప్పుడు మార్పించినావు?"

బావ కాసేపు మాట్లాడలేదు. "చిన్న బ్యాటరీ అంటే?"

నాయన నవ్వాడు. "అది డల్లాస్ ఎండకే సచ్చింది అల్లుడూ. నువ్వు సూసుకోలా. ఈడ చలికి శవం బయటపడింది, అంతే."

నేను కర్నూల్లో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నెర్న్‌స్ట్ సమీకరణం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ నాలుగు ప్రశ్నలు నాకు తట్టలేదు. ఈ వ్యాసం నాయన చెప్పిన ఆ ఒక్క మాటకు వివరణ. దాంతోపాటు, సరిగ్గా వారానికి జరిగిన, ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ తేలిగ్గా తీసుకోలేని ఇంకో సంగతి కూడా ఉంది. అది మాత్రం ఈ ఏడాది అమెరికా వెళ్లబోయే సీనియర్లు తప్పకుండా చదవాలి.

హైబ్రిడ్‌లో రెండు బ్యాటరీలు

హైబ్రిడ్ కారు అనగానే మనందరికీ గుర్తొచ్చేది పెద్ద బ్యాటరీ. బావ కారులో అది సుమారు 200 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, వెనక సీటు దగ్గర ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని దాచుకోవడం, కారు కదిలేటప్పుడు మోటారుకు ఇవ్వడం దాని పని. ఇలాంటి కార్లలో ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసేది కూడా అదే. మన మామూలు కార్లలో ఉండే స్టార్టర్ మోటారు వీటిలో విడిగా ఉండదు.

మరి చిన్న బ్యాటరీ ఎందుకు? అది మామూలు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీయే. చాలా హైబ్రిడ్లలో డిక్కీలో ఓ మూలన ఉంటుంది. బటన్ నొక్కగానే కారులోని కంప్యూటర్లను నిద్ర లేపేది అది. ఆ కంప్యూటర్లు అన్నీ సరిగా ఉన్నాయని చూసుకుని, పెద్ద బ్యాటరీని మిగతా కారుతో కలిపే రిలేలను మూస్తాయి. ఆ రిలేలు మూసుకునే దాకా పెద్ద బ్యాటరీ తాళం వేసిన గదిలో బియ్యం బస్తాలాంటిది. ఎంత నిండుగా ఉన్నా కూడు కాదు. తాళంచెవి చిన్న బ్యాటరీ చేతిలో ఉంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మామూలు కారులో బ్యాటరీ ముసలిదవుతుంటే మనకు ముందే తెలుస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ "గుర్ర్... గుర్ర్..." అని బద్ధకంగా తిరుగుతుంది. ఎందుకంటే స్టార్టర్ మోటారుకు ఒక్కసారిగా వంద ఆంపియర్ల పైనే కావాలి. హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీకి అంత బరువు పని లేదు, కంప్యూటర్లను లేపితే చాలు. కాబట్టి అది మూలుగుతూనే నెట్టుకొస్తుంది. చివరి రోజు దాకా బయటపడదు. ఆ చివరి రోజు సాధారణంగా మంచి చలిరోజు అవుతుంది.

బావ ఆఫీసు మిత్రుడొకరు జేబులో పట్టే జంప్ స్టార్టర్ తెచ్చి తగిలించాడు. రెండు నిమిషాల్లో కారు లేచింది. మరుసటి రోజు 12 వోల్టుల బ్యాటరీ కొత్తది వేయించారు. వేల డాలర్లు మిగిలాయి.

చలికి బ్యాటరీ లోపల ఏమవుతుంది

బ్యాటరీ అంటే కరెంటు నింపిన డబ్బా కాదు, ఒక రసాయన చర్య. లోపలి అయాన్లు ద్రవంలో ఒక పలక నుంచి ఇంకో పలకకు నడవాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది, నడక మందగిస్తుంది. పలకల దగ్గర జరగాల్సిన చర్య కూడా నెమ్మదిస్తుంది. ఈ రెండూ కలిపి మన భాషలో చెప్పాలంటే, లోపలి నిరోధం పెరుగుతుంది.

ఫస్టియర్ సూత్రమే: బయటికి వచ్చే వోల్టేజి అంటే లోపలి వోల్టేజిలోంచి, కరెంటును లోపలి నిరోధంతో గుణించి తీసేస్తే మిగిలేది. ఉదాహరణకు 12.6 వోల్టుల బ్యాటరీ, లోపలి నిరోధం 0.01 ఓం అనుకుందాం. 200 ఆంపియర్లు లాగితే 2 వోల్టులు లోపలే పోతాయి, 10.6 మిగులుతుంది. ఇంజిన్ తిరుగుతుంది. చలికి నిరోధం రెండింతలై 0.02 అయితే 4 వోల్టులు పోయి 8.6 మిగులుతుంది. అప్పటికే ముసలిదై నిరోధం 0.03 ఉన్న బ్యాటరీకి చలి ఇంకో రెండింతలు చేస్తే 12 వోల్టులు లోపలే హరించుకుపోతాయి. ఛార్జి ఉంటుంది, చేతికి రాదు. హైబ్రిడ్‌లో లాగే కరెంటు ఇంత ఉండదు కానీ లెక్క ఇదే దారిలో నడుస్తుంది.

బ్యాటరీ మీద రాసి ఉండే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అనే అంకె దీని కోసమే. మైనస్ 18 డిగ్రీల దగ్గర, 30 సెకన్ల పాటు, వోల్టేజి 7.2 కన్నా పడిపోకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు అన్నది దాని అర్థం. కడపలో ఆ అంకెను ఎవరూ అడగరు. మిన్నెసోటాలో అదే మొదట అడుగుతారు.

ఇంకో ప్రమాదం గడ్డకట్టడం. నిండా ఛార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆమ్లం గాఢంగా ఉంటుంది కాబట్టి మైనస్ 50 దగ్గర కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే, మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగలొచ్చు. అందుకే చలి దేశంలో బ్యాటరీని ఖాళీగా వదిలేయకూడదు.

లిథియం అయాన్ బ్యాటరీ ఉన్న కార్లది వేరే కష్టం. సున్నా డిగ్రీల కింద గట్టిగా ఛార్జి చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్ లోపలికి దూరడానికి టైము చాలక, పైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్నదాంట్లో కొంత మళ్లీ పనికి రాదు, ఒక్కోసారి లోపల షార్ట్ కావడానికి దారి తీస్తుంది. అందుకే చలిలో కారు కంప్యూటరే ఛార్జింగ్‌ను తగ్గించేస్తుంది. బ్రేకు వేసినా బ్యాటరీకి రావాల్సిన శక్తి తక్కువ వస్తుంది. డ్రైవరుకు అది రిపేరులా కనిపిస్తుంది. నిజానికి అది జాగ్రత్త.

మరి ఎండ ఏం చేస్తుంది?

చలి చేసేది తాత్కాలికం. బ్యాటరీ వెచ్చబడితే పోయిన శక్తి చాలావరకు తిరిగి వస్తుంది. ఎండ చేసేది శాశ్వతం.

రసాయన చర్యలకు ఒక మోటు లెక్క ఉంది. 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెండింతలు అవుతుంది. మనకు కావాల్సిన చర్యలే కాదు, అక్కర్లేనివి కూడా అంతే వేగంగా జరుగుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సీసపు జాలీ తుప్పు పడుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. 25 డిగ్రీల దగ్గర ఐదేళ్లు రావాల్సిన బ్యాటరీ, ఎప్పుడూ 35 దగ్గర ఉంటే సగం కాలమే వస్తుందని ఇంజినీర్లు అంచనా వేస్తారు.

కర్నూల్లో మే నెలలో 42, 43 డిగ్రీలు వార్త కూడా కాదు. అది నీడలో కొలిచిన అంకె. ఎండలో నిలబెట్టిన బండి బానెట్ కింద ఎంత ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తే చాలు. మా షాపుకు బ్యాటరీలు పోయిన బండ్లు కార్తీకం, మార్గశిరం చలి పొద్దుల్లో ఎక్కువ వస్తాయి. "నిన్న రాత్రి బాగుండె అన్నా, పొద్దున్నే లేయలా" అంటారు. నాయన ప్రతిసారీ అదే మాట చెబుతాడు: "దాన్ని సంపింది మే నెల. నువ్వు డిసెంబర్‌ను తిడతాండావు."

నేను ఇది మా ఊరి సామెత అనుకునేవాణ్ణి. చూస్తే అమెరికాలోనూ ఇదే లెక్క. దక్షిణాన టెక్సస్, ఆరిజోనాల్లో కన్నా ఉత్తరాన చలి రాష్ట్రాల్లోనే కారు బ్యాటరీలు ఎక్కువ కాలం బతుకుతాయి. బావ కారు నాలుగు ఎండాకాలాలు డల్లాస్‌లో గడిపి నేరుగా మినియాపొలిస్ చలిలోకి వచ్చింది. ఆ ఊళ్లో 2019 జనవరి 30న ఉష్ణోగ్రత మైనస్ 33 దాకా పడింది. ముసలి బ్యాటరీ అలాంటి పరీక్షలో ఎలా గట్టెక్కుతుంది?

ఇంజిన్‌కు వేడి ఎందుకు

కడపలో కూడా ఇంజిన్‌ను వెచ్చజేసే అలవాటు ఒకప్పుడు ఉండేది. పాత డీజిల్ జీపుల్లో తాళంచెవి సగం తిప్పి "హీటర్ వేసి" కాసేపు ఆగేవారు. గ్లో ప్లగ్గులు ఎర్రబడ్డాక సెల్ఫ్ కొట్టేవారు. డీజిల్‌ను మండించేది గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడి. ఇంజిన్ చల్లగా ఉంటే ఆ వేడిని గోడలే లాగేసుకుంటాయి.

పెట్రోలు ఇంజిన్‌కు కష్టాలు వేరు. మొదటిది ఆయిల్. చలికి చిక్కబడి నెయ్యిలా పేరుకుంటుంది. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే చలికాలం అని అర్థం. ముందున్న అంకె ఎంత తక్కువైతే అంత చలిలో పారుతుంది. 0డబ్ల్యూ రకాన్ని మైనస్ 40 దగ్గర పంపు లాగగలుగుతుందా అని పరీక్షిస్తారు.

రెండోది పెట్రోలు. చల్లని ఇంజిన్‌లో అది సరిగ్గా ఆవిరి కాదు. అందుకని కంప్యూటరు మామూలు కన్నా ఎక్కువ పెట్రోలు చల్లుతుంది. అది పూర్తిగా మండదు. మూడోది పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్. విషవాయువులను శుభ్రం చేసే ఈ డబ్బా సుమారు 250 నుంచి 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఈ రెండూ గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతాయి.

హైబ్రిడ్‌కు ఇంకో చిక్కు. దాని గొప్పతనమంతా ఇంజిన్‌ను ఆపేయడంలో ఉంది. సిగ్నల్ దగ్గర ఆపేస్తుంది, మెల్లగా పోయేటప్పుడు ఆపేస్తుంది. ఆపిన ఇంజిన్ చల్లారుతుంది. పైగా పొదుపైన ఇంజిన్ కాబట్టి వృథాగా పోయే వేడే తక్కువ. చలి దేశంలో మనుషులకు వెచ్చదనం ఇచ్చేది ఆ వృథా వేడే! అందుకే హీటర్ కోసం, కన్వర్టర్ కోసం ఇంజిన్ మాటిమాటికీ ఆన్ అవుతుంది, మైలేజీ పడిపోతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం ఊళ్లో తిరిగేటప్పుడు 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 దగ్గర మామూలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గితే, హైబ్రిడ్‌ది 30 శాతం పైనే తగ్గుతుంది.

దీనికి ఇంజినీర్లు వేసిన ఎత్తుల్లో నాకు బాగా నచ్చింది ఫ్లాస్కు. 2004 నుంచి 2009 దాకా అమెరికాలో అమ్మిన టయోటా ప్రియస్ కార్లలో, మనం కాఫీ పోసుకునే ఫ్లాస్కు లాంటి డబ్బా ఉండేది. కారు ఆపగానే సుమారు 3 లీటర్ల వేడి కూలెంట్‌ను అందులోకి పంపి దాచేది. అది మూడు రోజుల దాకా వేడిని నిలిపేది. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు ఆ వేడి నీళ్లు ముందుగా ఇంజిన్‌లోకి వెళ్లేవి. 2010లో వచ్చిన తర్వాతి ప్రియస్‌లో ఫ్లాస్కు తీసేసి, పొగగొట్టంలో పోయే వేడిని పట్టి కూలెంట్‌కు ఇచ్చే ఏర్పాటు పెట్టారు.

గ్యారేజీలో 20 నిమిషాలు

ఇప్పుడు ఆ రెండో సంగతి. కొత్త బ్యాటరీ వేయించాక బావకు భయం పట్టుకుంది. మళ్లీ దారిలో ఆగిపోతే ఎలా అని రోజూ పొద్దున్నే కారు ఆన్ చేసి, 20 నిమిషాలు వెచ్చబెట్టి బయలుదేరేవాడు. వాళ్లు అద్దెకుండే ఇంటికి గ్యారేజీ కలిసే ఉంది. దాని పైన పాప పడుకునే గది. చలి లోపలికి వస్తుందని గ్యారేజీ తలుపు చివరి నిమిషం దాకా తెరిచేవాడు కాదు. హైబ్రిడ్ కదా, ఆన్ చేసినప్పుడు చప్పుడు కూడా సరిగా ఉండదు.

సెలవులయ్యి నేను కర్నూలు హాస్టల్‌కు వచ్చేశాను. ఆ ఆదివారం రాత్రి ఏడున్నరకు అక్క వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున ఎనిమిది. నాయన కూడా షాపు నుంచి కాల్‌లోకి వచ్చాడు. బావ గుడికి పోదామని కింద కారు వెచ్చబెడుతున్నాడు.

"నాలుగు రోజుల నుంచి పొద్దునపూట తలకాయ నొప్పిరా" అంది అక్క. "హీటర్ గాలికి అనుకుంటా. బయటికి పోతే తగ్గిపోతాది. పాప కూడా లేస్తానే ఏడుస్తాంది."

నేను నీళ్లు బాగా తాగమన్నాను. నాయన ఆ మాట విననట్టే అడిగాడు. "అమ్మీ, మీ ఆయన బండిని యాడ పెట్టి ఏడి చేస్తాండాడు?"

"కింద గ్యారేజీలో నాయనా."

"తలుపు తీసినాడా, ఏసినాడా?"

అక్క జవాబు చెప్పేలోపే నాయన గొంతు మారిపోయింది. "ముందు పాపనెత్తుకోని బయటికి నడువు. దుప్పటి కప్పుకో. ఫోన్ పెట్టొద్దు."

కరెంటు పోయినప్పుడు షట్టర్ దించి, లోపల జనరేటర్ వేసుకుని పడుకుంటే ఏమవుతుందో షాపులు నడిపేవాళ్లకు తెలుసు. నాయన భయం అక్కడి నుంచి వచ్చింది. బావ కారు ఆపేసి, తలుపులు తెరిచి 911కు ఫోన్ చేశాడు. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి మీటరు పెట్టి చూస్తే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంది. ఇద్దరినీ ఆస్పత్రిలో చూపించారు. దేవుడి దయ, ఏమీ కాలేదు.

ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేదా అంటే, ఉంది. నెల క్రితం దాని బ్యాటరీ అయిపోతూ రాత్రంతా కీచుకీచుమంటుంటే, పాప లేస్తోందని బావే ఆ బ్యాటరీ పీకి డ్రాయర్‌లో పడేశాడు. కొత్తది వేయడం మరిచిపోయాడు.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న రెండు విషయాలు ఇప్పుడు కలపండి. చల్లని ఇంజిన్ ఎక్కువ పెట్రోలును సగం సగం మండిస్తుంది. సగం మండితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దాన్ని శుభ్రం చేయాల్సిన కన్వర్టర్ ఇంకా వేడెక్కలేదు. అంటే "వెచ్చబెట్టే" ఆ మొదటి నిమిషాల్లోనే కారు అన్నిటికన్నా ఎక్కువ విషం కక్కుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తర్వాత ఇక లేవలేని నిద్ర.

హైబ్రిడ్ దీనికి ఇంకో ఉచ్చు కలుపుతుంది. ఇంజిన్ దానంతటదే ఆగుతుంది. చప్పుడు లేదు కాబట్టి కారు ఆఫ్ అయిందనుకుని మనం లోపలికి వెళ్లిపోతాం. బ్యాటరీ తగ్గగానే, లేదా చల్లబడగానే, ఇంజిన్ మళ్లీ దానంతటదే మొదలవుతుంది. తాళంచెవి లేకుండా బటన్‌తో నడిచే కార్లను గ్యారేజీలో ఆఫ్ చేయడం మరిచిపోయి మనుషులు చనిపోయిన సంఘటనలు అమెరికాలో ఎన్నో ఉన్నాయి.

మరి సరైన పద్ధతి ఏది?

నిలబెట్టి వెచ్చబెట్టడం ప్రమాదమే కాదు, దండగ కూడా. ఖాళీగా తిరిగే ఇంజిన్ పుట్టించే వేడి చాలా తక్కువ. నడిచే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. అద్దాల మీది మంచు తుడిచి, అర నిమిషం ఆగి, మొదటి కొన్ని కిలోమీటర్లు తొక్కకుండా మెల్లగా పోనిస్తే ఆయిల్, కన్వర్టర్, హీటర్ మూడూ వెచ్చబడతాయి. పెద్ద బ్యాటరీ సంగతి కూడా అంతే. దాని గుండా కరెంటు పోతుంటే లోపలి నిరోధమే దాన్ని వెచ్చజేస్తుంది. పైగా బావ కారులాంటి వాటిలో అది మనుషులు కూర్చునే క్యాబిన్‌లోనే ఉంటుంది. మనకు వెచ్చగా ఉంటే దానికీ వెచ్చగా ఉంటుంది.

మరీ చలి ప్రాంతాల్లో బ్లాక్ హీటర్ వాడతారు. ఇంజిన్‌కు తగిలించి గోడ ప్లగ్గులో పెట్టే చిన్న హీటర్ అది. మొదట్లో దీన్ని నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ తయారుచేసి, 1949లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంజిన్ హెడ్‌ను బిగించే బోల్టులోనే హీటర్ పెట్టాలన్నది ఆయన ఆలోచన. కెనడాలో చాలాచోట్ల పార్కింగ్ స్థలాల్లో దీని కోసమే ప్లగ్గు పాయింట్లు ఉంటాయి.

ఒక 400 వాట్ల హీటర్‌ను రెండు గంటలు పెడితే ఎంత లాభం? 0.8 యూనిట్, అంటే 2,880 కిలోజౌళ్లు. వేడెక్కాల్సిన అల్యూమినియం 60 కిలోలు, కూలెంట్ 6 కిలోలు అనుకుంటే, ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 75 కిలోజౌళ్లు కావాలి. ఏమీ వృథా కాకపోతే 38 డిగ్రీలు పెరుగుతుంది. సగం గాలికి పోయినా మైనస్ 26 నుంచి మైనస్ 7కు వస్తుంది. ఒక యూనిట్ కూడా ఖర్చు కాకుండానే ఇంజిన్‌కు ఊరు మారినంత తేడా! రాత్రంతా పెట్టక్కర్లేదు, బయలుదేరడానికి రెండు గంటల ముందు టైమర్‌తో ఆన్ అయితే చాలు. పొగ రాదు, పాపకు ప్రమాదం లేదు. బావ ఇప్పుడు ఇదే వాడుతున్నాడు.

మన లెక్క తిరగబడుతుంది

మంచు కురవని కర్నూలు, కడపల్లో ఇదంతా మనకెందుకు? 2022 నుంచి హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ లాంటి హైబ్రిడ్లు మన రోడ్ల మీదికి వచ్చాయి. కర్నూలు నుంచి కడపకు బస్సులో వస్తుంటే నంద్యాల దాటేలోపు నాలుగైదు కనబడుతున్నాయి. మన దగ్గర వాటికి కావాల్సింది చల్లదనం.

చాలా హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీకి గాలి క్యాబిన్ లోంచే అందుతుంది. వెనక సీటు పక్కనో కిందో చిన్న జాలీ ఉంటుంది. ఏసీ గాలి దాని గుండా పోయి బ్యాటరీని చల్లబరుస్తుంది. ఆ జాలీకి అడ్డంగా బ్యాగులు, దుప్పట్లు, తిరుపతి లడ్డూల సంచులు పెట్టేస్తే బ్యాటరీకి ఊపిరాడదు. మన దుమ్ముకు దాని ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది, సర్వీసులో అడిగి శుభ్రం చేయించాలి. బండిని నీడలో పెట్టాలి. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కే ముందు తలుపులన్నీ ఒక నిమిషం తెరిచి వేడి గాలిని బయటికి పోనివ్వాలి. ఎండాకాలం అయిపోగానే, చలి మొదలవకముందే, చిన్న బ్యాటరీని టెస్టర్ పెట్టి చూపించుకోవాలి. ఆ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు.

ఇక అమెరికా వెళ్లే సీనియర్లకు. అన్నలూ, అక్కలూ, మీరు డెట్రాయిట్, చికాగో, మినియాపొలిస్ ఎక్కడికి వెళ్లినా మొదట కొనేది సెకండ్ హ్యాండ్ కారే. మైలేజీ, రంగు, ధర అన్నీ చూస్తారు. దాంతోపాటు "ఈ కారు ఇంతకు ముందు ఏ రాష్ట్రంలో ఉండేది? చిన్న బ్యాటరీ ఎప్పటిది?" అని కూడా అడగండి. ఎండ రాష్ట్రం నుంచి వచ్చిందైతే మొదటి చలికాలం రాకముందే పరీక్ష చేయించండి. గ్యారేజీ తలుపు తెరిచినా సరే, లోపల కారు ఆన్‌లో వదలకండి. ఆఫ్ చేశాక డ్యాష్‌బోర్డ్ మీద "రెడీ" అనే లైటు ఆరిందో లేదో ఒకసారి చూడండి. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కీచుమంటే బ్యాటరీ మార్చండి, పీకేయకండి. అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి బయటికి వెళ్తే తగ్గుతుంటే, ఆలోచిస్తూ కూర్చోకుండా బయటికి నడిచి 911కు ఫోన్ చేయండి.

మా నాయన బిగించే ప్రతి బ్యాటరీ మీద తెల్ల పెయింట్‌తో తారీఖు రాస్తాడు. చిన్నప్పుడు ఆ డబ్బా, కుంచె పట్టుకుని నేను పక్కన నిలబడేవాణ్ణి, ఎందుకో అడిగింది లేదు. మొన్న బావ ఒక ఫోటో పంపాడు. డిక్కీలోని కొత్త బ్యాటరీ మీద మార్కర్‌తో తారీఖు. దాని కింద ఇంకో ఫోటో, గోడ మీది అలారం. దాని మీద కూడా తారీఖు రాసి ఉంది.